డబ్బు పెట్టి కొన్న ఆటను కంపెనీ ఆపేయవచ్చా?

తీరగాలి (చర్చకు పెట్టిన ప్రశ్న):
యూబీసాఫ్ట్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసిన 'ది క్రూ' అనే కార్ల పందేల ఆట సర్వర్లను (ఇంటర్నెట్ ద్వారా ఆటను నడిపే కంపెనీ కంప్యూటర్లను) 2024 మార్చి 31తో ఆపేసింది. అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరం దాకా కారులో చుట్టివచ్చే ఆ ఆటలో ఒంటరిగా ఆడుకునే కథాభాగమూ ఉంది. అయినా సర్వరు పలకనిదే ఆట తెరుచుకోదు కనుక, డిస్కు కొని దాచుకున్నవారికి కూడా ప్లాస్టిక్ బిళ్ళే మిగిలింది. ఆపై, ఆట కొన్నవారి ఖాతాల నుంచి లైసెన్సులనూ (ఆటను వాడుకునే అనుమతులనూ) తొలగించారు. ఇది సమంజసమేనా?

సర్వర్‌గది:
నేను ఇలాంటి సర్వర్లు నడిపే పనిలోనే ఉన్నాను కాబట్టి రెండోవైపు మాట చెబుతాను. ఆడేవాళ్ళు తగ్గినా అద్దె, భద్రత, మరమ్మతుల ఖర్చు ఆ మేరకు తగ్గదు. కార్ల బ్రాండ్లకూ పాటలకూ తీసుకున్న అనుమతులకు గడువులుంటాయి. సర్వరును ఆటగాళ్ళకే అప్పగించవచ్చు కదా అంటే, అందులో బయటివారి దగ్గర కొన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని పంచే హక్కు కంపెనీకి ఉండదు. ప్రైవేటు సర్వర్లలో ఆటగాళ్ళ సమాచారానికి రక్షణ ఉండదని, చట్టవిరుద్ధమైన విషయాలను తొలగించేవారు ఉండరని వీడియో గేమ్స్ యూరప్ అనే పరిశ్రమ సంఘం 2025 జులైలో చెప్పిన అభ్యంతరాలను కొట్టిపారేయలేం.

తీరగాలి:
సర్వర్‌గది గారూ, మీరు చెప్పిన ఖర్చులు నిజమే, కానీ సర్వర్లను కలకాలం నడపమని ఎవరూ అడగడం లేదు. రాస్ స్కాట్ అనే యూట్యూబరు 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం కోరేది, కంపెనీ తప్పుకునేటప్పుడు ఆటను ఆడుకోదగిన స్థితిలో వదిలి వెళ్ళమని మాత్రమే. యూరోపియన్ యూనియన్‌లో పౌరుల వినతిని పరిశీలించడానికి 10 లక్షల సంతకాలు కావాలి. ఈ ఉద్యమం తరఫున పెట్టిన వినతికి 2025 జులై 31న గడువు ముగిసేనాటికి 14 లక్షలు దాటాయి. ఇది అసాధ్యమైన కోరిక కూడా కాదు. 'నాకౌట్ సిటీ' ఆటను 2023లో మూసినప్పుడు, ఎవరి సర్వరు వారే పెట్టుకునే రూపాన్ని దాని నిర్మాతలు ఉచితంగా ఇచ్చి వెళ్ళారు. ఇంత గొడవ జరిగాక యూబీసాఫ్ట్ కూడా 'ది క్రూ 2'కు ఆఫ్‌లైన్ (సర్వరు లేకుండానే ఆడుకునే) సదుపాయం కల్పించింది. రెండో ఆటకు కుదిరినది మొదటి ఆటకు ఎందుకు కుదరలేదన్నదే నా ప్రశ్న.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. కంపెనీ పేరు అనవసరం. మా అక్క కొడుకు పుట్టినరోజుకు కొనిచ్చిన ఆట ఏడాదిన్నరకే మూతపడింది. మూస్తున్నట్టు పంపిన మెయిల్‌ను మేము చూసుకోలేదు. వాడు తెర మీద 'మొదలుపెట్టు' నొక్కడం, చక్రం కాసేపు తిరగడం, 'సర్వరుకు కనెక్ట్ కాలేదు' అని వచ్చి మళ్ళీ మొదటికే రావడం. తప్పు మా ఇంటి ఇంటర్నెట్‌దే అనుకుని, వాడు రౌటర్‌ను మూడుసార్లు ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. కొన్నప్పుడు ఆ బటన్ మీద 'కొనండి' అనే ఉంది, 'అద్దెకు తీసుకోండి' అని లేదు.

నల్లకోటు:
ఆ 'కొనండి' అన్న మాట మీదే కాలిఫోర్నియా చట్టం చేసింది. ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకును 'కొనండి' అని అమ్మకూడదన్న నిబంధన 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సహేతుక కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగల షరతును అన్యాయ ఒప్పందాల కింద చేర్చింది. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ దగ్గర దాన్ని ప్రశ్నించవచ్చు. అయితే నష్టం వస్తోందన్నది సహేతుక కారణమా కాదా అన్న దగ్గరే అసలు వాదం నడుస్తుంది. నా దృష్టిలో, అన్ని ప్రతులకూ డబ్బు తీసుకున్నాక ఒంటరిగా ఆడే భాగాన్ని సైతం మూసివేయడానికి ఆ కారణం చాలదు.

సర్వర్‌గది:
కొత్తగా తయారయ్యే ఆటలకు ఈ షరతు పెడితే నాకు అభ్యంతరం లేదు. మొదటి రోజు నుంచే అందుకు తగ్గట్టు కట్టుకోవచ్చు, ఖర్చు కూడా తక్కువే. పదేళ్ళ క్రితం రాసిన కోడ్‌ను విప్పి సర్వరు నుంచి వేరు చేయమంటే మాత్రం, ఆ కోడ్ రాసినవాళ్ళు ఇప్పుడు ఆ సంస్థల్లోనే ఉండరు.

తీరగాలి:
అలాగైతే పాత ఆటల విషయంలో కనీసం ఒక్కటి చేయండి: సర్వర్లను ఏ తేదీ దాకా నడుపుతామని హామీ ఇస్తున్నారో, ధర వేసిన చోటే, ధర అంత పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ తేదీ చూసి ఉంటే నేను ఆ పుట్టినరోజుకు వేరే ఆట కొనేవాణ్ణి.