1990లో జాఫ్నా ముస్లింలను వెళ్లగొట్టడం: యుద్ధ అవసరమా, జాతి ఏరివేతా?

కృష్ణలంక_కుర్రోడు:
మా ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నా.

శ్రీలంక యుద్ధం అంటే నాకు తెలిసింది రెండే పక్షాలు. సింహళ ప్రభుత్వం ఒకవైపు, తమిళ పులులు ఒకవైపు. ఆ మాటే అంటే పక్క టేబుల్ దగ్గరున్న ఆయన "మరి జాఫ్నా ముస్లింల సంగతో?" అన్నాడు. ఇంటికెళ్లి చదివాను. 1990 అక్టోబర్ 30న, ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా పట్నం ముస్లింలను ఒస్మానియా కాలేజీ మైదానానికి రమ్మని ఎల్టీటీఈ, అంటే ఆ పులులే, మైకుల్లో చాటించింది (మన హైదరాబాద్ ఉస్మానియా కాదు, అక్కడా ఆ పేరుతో ఒకటుంది). రెండు గంటల్లో ఊరు ఖాళీ చేయమన్నారు. అంతకు ముందే చావకచ్చేరి, మన్నార్ వైపు మొదలైంది. రెండు వారాల్లో ఉత్తర రాష్ట్రం మొత్తం మీద 70 వేలకు పైగా ముస్లింలు వెళ్లిపోయారు. నగలూ, ఇంటి సామానూ అక్కడే వదిలేయాల్సి వచ్చింది. ఎక్కువమంది పుత్తళం చుట్టుపక్కల శిబిరాల్లో చేరి ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నారు.

చెన్నై కొలీగ్ వాదన: "యుద్ధంలో సైన్యం ఇన్ఫార్మర్లను పక్కన పెట్టుకుని ఎవరైనా ఎలా పోరాడతారు?" మీరేమంటారు?

సేలం_శ్రీను:
పేరులోనే లంక పెట్టుకున్నారు, ఈ ప్రశ్న మీరే వేయాలి మరి :)

నేను తమిళనాడు తెలుగువాణ్ణి. మా తాతల కాలం నుంచి సేలంలోనే ఉన్నాం. 1983 జులైలో కొలంబోలో తమిళుల ఇళ్లు తగలబెట్టిన రోజుల గురించి మా నాన్న చెప్తుంటే విని పెరిగాను. కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నా.

వెళ్లగొట్టడం తప్పే. కానీ ఆ ఒక్క రోజునే చూసి మాట్లాడితే ఎలా? 1985 ఏప్రిల్‌లో తూర్పున కారైతీవులో తమిళుల ఇళ్ల మీద దాడులు జరిగాయి. ముస్లిం కుర్రాళ్లకు ప్రభుత్వమే హోంగార్డుల పేరుతో తుపాకులిచ్చింది. 1990 ఆగస్టు 12న వీరమునైలో గుడిలో తలదాచుకున్న తమిళులను ఆ హోంగార్డులే చంపారు. ఈ పేరు ఇక్కడ ఎంతమంది విన్నారు? కాత్తాన్‌కుడి లో పులులు ముస్లింలను చంపిన సంగతి అందరూ మాట్లాడతారు, వీరమునై మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఉత్తరంలో కూడా అదే జరుగుతుందేమోనన్న భయం పులులకు ఉండటంలో వింతేముంది? పైగా ఆ ముస్లింలు మాట్లాడేది తమిళమే. కలిసి ఉండాల్సినవాళ్లు కొలంబో వైపు మొగ్గితే ద్రోహం అనిపించదా?

నూర్_కర్నూలు:
శ్రీను గారూ, వీరమునై గురించి మీరు చెప్పింది నిజం, దాన్ని ఎవరూ కాదనకూడదు. కానీ తేదీలు వరుసగా పెట్టి చూడండి. ఆగస్టు 3న కాత్తాన్‌కుడిలో రాత్రి నమాజు చేస్తున్నవాళ్లను రెండు మసీదుల్లో కాల్చారు, వందకు పైగా చనిపోయారు. ఆగస్టు 11 అర్ధరాత్రి ఎరావూరులో ఇంకో వందకు పైగా. వీరమునై ఆ మర్నాడు. ముందు వాళ్లు చంపారు కాబట్టి వీళ్లు చంపొచ్చు అనడం లేదు. "భయంతో చేశారు" అన్న లెక్క ఇటు నుంచి పనిచేస్తే అటు నుంచీ పనిచేస్తుంది కదా అంటున్నాను.

ఇంకోటి. ఇవన్నీ తూర్పు తీరంలో జరిగినవి. మన్నార్ ఉన్నది పడమటి తీరంలో. అక్కడి జాలర్లకూ, జాఫ్నాలో ఇనప సామాను కొట్లూ టైలరింగ్ కొట్లూ నడుపుకునేవాళ్లకూ ఈ హోంగార్డులతో ఏం సంబంధం? ఎవడో ఇన్ఫార్మర్ ఉంటే వాణ్ణి పట్టుకుంటారు. ముసలమ్మలూ చంటిపిల్లలూ సహా 70 వేల మందీ ఇన్ఫార్మర్లేనా?

"మాట్లాడేది తమిళమే" అన్న మాట దగ్గర మాత్రం నాకు మంట పుట్టింది. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే, ఉర్దూ నాకు సరిగ్గా రాదు. నేను తెలుగువాణ్ణి, ముస్లింని, రెండూను. రేపెవరో వచ్చి "నీ భాష తెలుగు కాబట్టి మా జెండా కిందే నడవాలి, నడవకపోతే ద్రోహివి" అంటే? ఆ నిర్ణయం నాది కావాలి గానీ, తుపాకీ పట్టుకున్నవాడిది ఎలా అవుతుంది?

పాతపుస్తకం:
ఈ "భాష ఒకటే కాబట్టి జాతి ఒకటే" గొడవ 1990ది కాదు, దానికి వందేళ్ల వయసుంది.

1880లలో పొన్నంబలం రామనాథన్ అనే తమిళ నాయకుడు, సిలోన్ ముస్లింలు మతం మారిన తమిళులే అని శాసనసభలో వాదించారు, తర్వాత దాని మీద వ్యాసం కూడా చదివారు. అప్పట్లో ముస్లింలు సభలో తమకో ప్రత్యేక సీటు అడుగుతున్నారు. అంటే ఆ వాదన ఉత్త పాండిత్యం కాదు, సీటు లెక్క. ముస్లింలు గట్టిగా ఎదురు రాశారు. తర్వాత 1915లో సింహళీయులు ముస్లింల మీద పెద్ద ఎత్తున దాడులు చేశారు. బ్రిటిష్‌వాళ్లు సింహళ నాయకులను జైల్లో పెడితే, లండన్ దాకా వెళ్లి వాళ్ల తరఫున వాదించింది ఈ రామనాథనే. "మీరూ మేమూ ఒకటే" అన్న పెద్దమనిషి, దెబ్బలు తిన్న రోజున కొట్టినవాళ్ల పక్కన కనిపించాడు. ఆ సంగతి ముస్లింలు మర్చిపోలేదు.

మలయగ తమిళుల కథ కూడా చూడండి, తేయాకు తోటల కూలీలు. 1948 పౌరసత్వ చట్టంతో వాళ్లను ఏ దేశానికీ చెందనివాళ్లను చేశారు. 1949లో ఆ వరుసలో వచ్చిన రెండో చట్టాన్ని సమర్థించినవాళ్లలో జాఫ్నా నాయకుడు జీ.జీ. పొన్నంబలం ఉన్నారు, అప్పటికి మంత్రి అయ్యారాయన. ఇది నచ్చకే చెల్వనాయకం ఆయన పార్టీ నుంచి విడిపోయి ఫెడరల్ పార్టీ పెట్టారు. "తమిళం మాట్లాడే ప్రజలు" అన్న మాటను ముస్లింలనూ తోట కూలీలనూ కలుపుకునేలా వాడింది ఆ పార్టీ. మంచి మాటే. 1977 ఎన్నికల్లో అష్రఫ్ లాంటి ముస్లిం యువ నాయకులు తమిళ కూటమితో కలిసి పనిచేశారు కూడా. మొదట్లో ఎల్టీటీఈలో ముస్లిం కుర్రాళ్లు ఉండేవారు. ఆ అష్రఫే 1981లో శ్రీలంక ముస్లిం కాంగ్రెస్ మొదలుపెట్టారంటే, మధ్యలో ఎక్కడో నమ్మకం తెగిందనే కదా.

చివరిగా ఒక పక్క ముచ్చట. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు, పాములాడించే అహికుంటికలు. అనురాధపురం వైపు వాళ్లు సింహళంలోకీ, అంపారై వైపు అలిగంబైలో ఉన్నవాళ్లు తమిళంలోకీ ఒరిగారు. ఇంట్లో భాష ఒక్కటే, బయట జాతి లెక్కకి వస్తే రెండు పక్కలు.

టీ_కొట్టు:
సార్, ఇంత చరిత్ర చెప్తే టీ చల్లారిపోతుంది. ఒక్క ముక్కలో చెప్పండి: పులులు సారీ చెప్పారా లేదా?

పాతపుస్తకం:
చెప్పారు. 2002 ఏప్రిల్‌లో కిలినొచ్చి ప్రెస్‌మీట్‌లో. పులుల అధినేత ప్రభాకరన్ పక్కన కూర్చుని, వాళ్ల రాజకీయ సలహాదారు ఆంటన్ బాలసింగం చెప్పారు. రెండు మూడు రోజులకే ప్రభాకరన్, ముస్లిం కాంగ్రెస్ నాయకుడు రవూఫ్ హకీమ్ ఒక ఒప్పందం మీద సంతకాలు కూడా పెట్టారు. కానీ శాంతి చర్చల్లో ముస్లింలకు విడిగా ఒక బృందం కావాలంటే ఇవ్వలేదు. హకీమ్ ప్రభుత్వ బృందంలో కూర్చోవాల్సి వచ్చింది. సారీ దొరికింది, కుర్చీ దొరకలేదు.

సేలం_శ్రీను:
నూర్ గారూ, భాష విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నా. ద్రోహం అన్న పదం వెనక్కి తీసుకుంటా. మన్నార్ సంగతి కూడా నేనలా ఆలోచించలేదు.

కానీ "జాతి ఏరివేత" అంటే మొత్తం ఉద్యమానికి ఆ ముద్ర వేస్తారు, అదీ నా ఇబ్బంది. ముల్లివాయ్‌కాల్‌లో 2009లో, యుద్ధం చివరి రోజుల్లో, చచ్చిపోయిన మామూలు తమిళుల గురించి ఎవరైనా అడగ్గానే, "మీవాళ్లు జాఫ్నాలో ఏం చేశారో తెలుసా" అని నోరు మూయించడానికి ఈ 1990ని వాడతారు. కొలంబోకి ముస్లింల మీద ప్రేమ పుట్టి కాదు. నిజంగా ప్రేమే ఉంటే 2014లో అళుత్గమలో, 2018లో దిగనలో ముస్లింల మీద దాడులు ఎందుకు జరిగాయి? కరోనాతో చనిపోయిన ముస్లింలను ఖననం చేయనివ్వకుండా దహనం చేయించింది ఎవరు?

నూర్_కర్నూలు:
అది నేనూ ఒప్పుకుంటా. దహనాల వార్తలు చూసి మా అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

కానీ శ్రీను గారూ, అవతలివాడు దుర్వినియోగం చేస్తాడని జరిగినదానికి పేరు పెట్టకుండా ఉంటామా? ఒక రాష్ట్రంలో ఒక మతంవాళ్లందరినీ, ఆ మతంవాళ్లన్న ఒక్క కారణంతో, రోజుల్లో ఖాళీ చేయించారు. దీన్ని మీరు ఏ పేరుతో పిలుస్తారో చెప్పండి. తమిళ నాయకుల్లో సుమంతిరన్ లాంటివాళ్లు ఈ పేరుతోనే పిలిచారు, ఆయన తమిళుల హక్కులు వదిలేశాడని ఎవరైనా అంటారా?

కృష్ణలంక_కుర్రోడు:
నాకింకో డౌట్. 1987 ఒప్పందంతో ఉత్తర, తూర్పు రాష్ట్రాలను కలిపారు, 2006లో సుప్రీంకోర్టు ఆ విలీనం చెల్లదంది. ముస్లింలు విలీనాన్ని ఎందుకు వద్దన్నారు? అక్కడ కూడా భాషా ప్రాతిపదిక బాగానే ఉంది కదా?

పాతపుస్తకం:
లెక్క చూడండి. తూర్పు విడిగా ఉంటే ముస్లింలు దాదాపు మూడో వంతు. ఉత్తరంతో కలిపితే ఆరో వంతు దగ్గరికి పడిపోతారు. మూడో వంతు ఉన్నవాడు లేకుండా ఎవరూ ముఖ్యమంత్రి కాలేరు. ఆరో వంతు ఉన్నవాణ్ణి అడిగేదెవరు? రాష్ట్రం గీత ఎక్కడ గీస్తే ఎవరి బలం ఎంతవుతుందో మన తెలుగువాళ్లకి నేను చెప్పాలా!

టీ_కొట్టు:
ఆ టాపిక్ ఇక్కడ ఎత్తకండి సార్, దండం పెడతా.

సేలం_శ్రీను:
:) సరే. నూర్ గారి ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. అక్టోబర్‌లో జరిగినదాన్ని ఏరివేత అనే అంటాను, ఇక దాటవేయను. కానీ వీరమునై పేరు కూడా అదే వాక్యంలో రావాలి.

నూర్_కర్నూలు:
రానివ్వండి. ఎరావూరు ఆగస్టు 11, వీరమునై ఆగస్టు 12. పక్కపక్కనే రాద్దాం.

కృష్ణలంక_కుర్రోడు:
తిరిగొచ్చినవాళ్ల గురించి చదువుతున్నా. యుద్ధం అయ్యాక మన్నార్ జిల్లాలోని ముసలి (ఊరి పేరే అది) ప్రాంతానికి తిరిగొచ్చిన ముస్లింలు, ఇరవై ఏళ్లలో అడవి పెరిగిపోయిన తమ ఊళ్ల జాగా బాగు చేసుకుంటే, విల్పత్తు అడవిని నరికేస్తున్నారని కొలంబోలో గోల చేశారట. దాని మీద ఇంకో థ్రెడ్ పెడతాను. శ్రీను గారూ, అటూ రండి.