నా నవల్లో సామ్రాజ్యానికి మహాసభ పెట్టాను, కానీ ఆ సీన్లు చప్పగా వస్తున్నాయి. సలహా ఇవ్వండి

నీలిసిరా:
నమస్కారం అండి. రెండేళ్లుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను, సగం దాకా వచ్చి ఆగిపోయాను. కథ జరిగేది సప్తధార అనే సామ్రాజ్యంలో. ఏడు నదులు, ఏడు సీమలు, పైన సామ్రాజ్ఞి, ఒక్కో సీమ నుంచి 30 మంది చొప్పున 210 మందితో మహాసభ. ఎగువ సీమవాళ్లు మంత్రశక్తితో నదికి అడ్డంగా కట్ట కడతామని శాసనం తెస్తారు, దిగువ సీమవాళ్లు ఎలాగైనా దాన్ని ఆపాలి. కథంతా ఈ అధ్యాయం మీదే నిలబడాలి, కానీ రాసింది చదువుకుంటే ఒకరు లేచి మాట్లాడతారు, ఇంకొకరు లేచి మాట్లాడతారు, అందరూ చేతులెత్తుతారు, అయిపోతుంది. టెన్షనే లేదు. పైగా మొదటి ప్రతి చదివిన స్నేహితురాలు "చివరి మాట సామ్రాజ్ఞిదే అయితే ఇక సభ దేనికి?" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. చరిత్రలో ఇలాంటి సభలు నిజంగా ఎలా నడిచాయో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుటలు:
మీ స్నేహితురాలి ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి, అది చాలా మంచి ప్రశ్న. రోమ్ సెనేట్‌నే చూడండి, గణతంత్రం రోజుల్లో దానికి శాసనాలు చేసే అధికారమే లేదు, ఓటు వేసి చట్టం చేసేవి ప్రజల సభలు. సెనేట్ తీర్మానం పేరుకు సలహా మాత్రమే. అయినా కాన్సుల్‌లు, అంటే అక్కడి అత్యున్నత అధికారులు, ఆ సలహాను కాదనడానికి జంకేవారు, ఎందుకంటే కాన్సుల్ పదవి ఒక్క ఏడాదిది, సెనేటర్ మాత్రం సాధారణంగా బతికున్నంత కాలం సెనేటరే. ఖజానా నుంచి డబ్బు కదలాలన్నా, పదవి దిగినవాడు ఏ రాష్ట్రానికి పాలకుడిగా వెళ్లాలన్నా సెనేట్ చేతిలో ఉండేది. అగస్టస్ చక్రవర్తి అయ్యాక కూడా సెనేట్‌ను తీసేయలేదు, సంఖ్యను 600 దగ్గరికి తెచ్చి, పది లక్షల సెస్టర్సుల (రోమ్ నాణేల) ఆస్తి ఉండాలని నియమం పెట్టి కొనసాగించాడు, రాష్ట్రాలను ఏలడానికి, సైన్యాలను నడపడానికి ఆయనకు ఆ కుటుంబాలే కావాలి కాబట్టి. మీ సామ్రాజ్ఞికి సభ లేకుండా జరగని పని ఒక్కటి ఉండాలండి. అదేమిటో తేల్చుకుంటే స్నేహితురాలికి జవాబు దొరికినట్టే.

ఇక సీన్ సంగతి. అక్కడ ఎవరు పడితే వాళ్లు లేచి మాట్లాడేవారు కాదు, సభ పిలిచిన అధికారి హోదా ప్రకారం ఒక్కొక్కరి అభిప్రాయం అడిగేవాడు, మాజీ కాన్సుల్‌లు ముందు, చిన్నవాళ్ల వంతు చాలాసార్లు వచ్చేదే కాదు. ఓటు అంటే లేచి నడవడం, ఎవరి మాట నచ్చితే వాళ్ల వైపు వెళ్లి నిలబడాలి. క్రీ.పూ. 63లో ప్రభుత్వం మీద కుట్ర చేస్తున్నాడన్న కేటలైన్ అనే సెనేటర్ వచ్చి కూర్చోగానే చుట్టుపక్కల సెనేటర్లు లేచిపోయి బెంచీలు ఖాళీ చేశారని అప్పటి కాన్సుల్ సిసిరో ప్రసంగంలో ఉంది. ఒక్క మాట లేకుండా అంత సీను! ఇంకొకటి, పొద్దుగూకితే సభ ముగించాల్సిందే. ఈ నియమం పట్టుకుని కేటో అనే సెనేటర్ చీకటి పడేదాకా మాట్లాడి తీర్మానాలు ఆపేవాడు, క్రీ.పూ. 59లో కాన్సుల్‌గా ఉన్న సీజర్ విసిగిపోయి అతన్ని జైలుకు తీసుకెళ్లమన్నాడు, కొంతమంది సెనేటర్లు లేచి కేటో వెంట నడిచారు, సీజర్ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. మీ దిగువ సీమ ముసలాయన్ని ఇలా పొద్దున్నుంచి నిలబెట్టండి, కిటికీలోంచి ఎండ జరుగుతూ ఉంటే చదివేవాడికి టెన్షన్ అదే వస్తుంది.

తాటాకు:
రోమ్ దాకా వెళ్లారు కాబట్టి మన వైపుది కూడా చెబుతాను. బౌద్ధ సంఘంలో గొడవ తేలకపోతే రంగు పుల్లలతో ఓటు వేసేవారు, వాటిని శలాకలు అంటారు. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో అందుకు మూడు పద్ధతులున్నాయి: రహస్యంగా, బహిరంగంగా, చెవిలో చెప్పి. మూడోది చూడండి, పుల్లలు పంచేవాడు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి చెవిలో "ఇది ఫలానా వాదం వాళ్ల పుల్ల, నీకేది ఇష్టమో తీసుకో, ఎవరికీ చెప్పకు" అంటాడు. రహస్య ఓటులో అధర్మవాదులు ఎక్కువైనట్టు అతనికి కనిపిస్తే సరిగా జరగలేదని చెప్పి మళ్లీ పెట్టొచ్చు కూడా. అంత అధికారం ఒక్కడి చేతిలో! ఆ పుల్లలు పంచే మనిషిని ఒక పాత్రగా రాయండి, దయచేసి.

నీలిసిరా:
పాతపుటలు గారూ, తాటాకు గారూ, ఇవి నాకు అస్సలు తెలియవు, చాలా థాంక్స్. ఒక సందేహం. ఒక్కో సీమకు పూర్తి వీటో ఇస్తే ఎలా ఉంటుంది?

అలుగు:
వీటో ఇవ్వొద్దు, పోలండ్ గతి పడుతుంది. అక్కడి సభలో ఒక్క సభ్యుడు కాదంటే సభ మొత్తం చెదిరిపోయేది, 1652లో మొదలై పోనుపోను అది మామూలైపోయింది, పక్క రాజ్యాలకు ఒక్క మనిషిని కొనుక్కుంటే సరిపోయేది. 1791 రాజ్యాంగంలో దాన్ని తీసేశారు, కానీ 1795కల్లా దేశమే పటంలో లేదు. మీ కథ మూడో అధ్యాయానికే ఆగిపోతుంది.

దానికి బదులు ఆలస్యం చేసే అధికారం ఇవ్వండి. మన శాసనమండళ్లకు రాజ్యాంగం ఇచ్చింది అదే: బిల్లును మూడు నెలలు ఆపొచ్చు, శాసనసభ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల, ఆ తర్వాత శాసనసభ మాటే చెల్లుతుంది. నాలుగు నెలలే కదా అనిపిస్తుంది, కానీ మీది నది మీద కట్ట! పునాది వేసవిలోనే పడాలి, మాఘంలో వచ్చిన శాసనాన్ని నాలుగు నెలలు ఆపితే తొలకరి వచ్చేస్తుంది, వరద మొదలయ్యాక ఎవరూ పునాది తవ్వలేరు. అంటే దిగువవాళ్లు ఓటులో ఓడిపోయి కూడా ఒక ఏడాది గెలుస్తారు.

ఇంకో మాట, మాది కృష్ణా ఆయకట్టు కాబట్టి మనసులో ఉన్నది చెబుతున్నా. నీళ్ల తగాదాలో వాదన న్యాయం గురించి కంటే లెక్క గురించే ఎక్కువ నడుస్తుంది. కృష్ణా నీళ్లు రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ముందు నదిలో వచ్చే నీళ్లెంతో తేల్చాల్సి వచ్చింది, నూటికి 75 ఏళ్లు నమ్మకంగా వచ్చే నీళ్లు 2,060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచారు. పంపకానికి ఆ అంకే ఆధారం. మీ సభలో కూడా ధర్మం గురించి ఉపన్యాసాలు తగ్గించి, నదిని కొలిచేది ఎవరు, ఏ ఏడాది లెక్క పట్టుకున్నారు అన్నదాని మీద కొట్లాడించండి, మంచి వాన పడిన ఏడాది లెక్క చూపించి ఎగువవాళ్లు "మీకు మిగిలిపోతుంది కదా" అంటే దిగువ రైతుకు ఒళ్లు మండుతుంది, అది మాకు బాగా తెలుసు.

నీలిసిరా:
అలుగు గారూ, అది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా తాతగారిది కాలవ చివరి భూమి, ఆయన ఎప్పుడూ అంకెల గురించే మాట్లాడేవారు. ముసలాయన పొద్దుగూకేదాకా చదివేది ఉపన్యాసం కాదు, తన సీమ నీటిమట్టం పుస్తకం, ముప్పై ఏళ్లది, ఒక్కో రోజూ ఒక్కో అంకె. ఈ రాత్రి మళ్లీ మొదలుపెడుతున్నాను.