గిఫ్ట్ కార్డులు కొనిపించి మోసం చేశారు. ఎవరికి చెప్పాలి? వీసాకి ఇబ్బందా?

అన్నలకీ అక్కలకీ నమస్తే. ఎమ్మెస్‌కని డాలస్ వచ్చి ఐదు వారాలైంది. ఇందాక ఇమిగ్రేషన్ ఆఫీసర్నంటూ ఒకడు ఫోన్ చేశాడు. నా పేరు, కాలేజీ పేరు కరెక్టుగా చెప్పాడు. ఐ-20లో, అంటే స్టూడెంట్ వీసాకని కాలేజీ ఇచ్చే ఫారంలో, తప్పుంది, రెండు గంటల్లో ఫైన్ కట్టకపోతే అరెస్టే అన్నాడు. ఫోన్ పెట్టనివ్వలేదు. 500 డాలర్ల గిఫ్ట్ కార్డులు మూడు కొని, గీకి, నంబర్లు చదివేశాను. ఇంట్లో చెప్పలేదు. పోలీసుల దగ్గరికెళ్తే వీసా మీదికొస్తుందా?

జవాబు 1:
తమ్ముడూ, మిగతాది తర్వాత చదువుదువుగానీ, ముందు కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చెయ్యి. గూగుల్లో వెతక్కు, అక్కడా దొంగ కస్టమర్ కేర్ నంబర్లుంటాయి. మోసపోయాను, వాడని సొమ్ము ఆపండి అని అడుగు. కార్డులూ బిల్లూ పారేయకు.

వీసా సంగతంటావా, మోసపోవడం నేరం కాదు. ఎఫ్‌టీసీ అని వినియోగదారుల మోసాల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఉంది. దాని సైటు రిపోర్ట్‌ఫ్రాడ్ డాట్ ఎఫ్‌టీసీ డాట్ గవ్‌లో నీ వీసా ఏంటని అడగరు, పేరు చెప్పకపోయినా తీసుకుంటారు. కాకపోతే ఎఫ్‌టీసీ నీ ఒక్కడి కేసు పట్టుకుని తిరగదు, డబ్బు ఇప్పించదు. నీ ఫిర్యాదు పోలీసు శాఖలు చూసే డేటాబేస్‌లో చేరుతుంది, అంతే. ఎఫ్‌బీఐకి కూడా వాళ్ళ సైటు ఐసీ3 డాట్ గవ్‌లో ఫిర్యాదు పెట్టు. వాడు చేసిన నంబరు, టైము, కార్డు నంబర్లు అన్నీ రాయి.

పోలీసులకి 911 కాదు, నాన్ ఎమర్జెన్సీ నంబరుకి చెయ్యి. డాలస్ అంటాం గానీ నువ్వుండేది ఇర్వింగో రిచర్డ్‌సనో చూసుకో, ఇక్కడ ఊరికో పోలీసు శాఖ. రిపోర్టు నంబరు అడిగి రాసుకో. మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా కాగితాలు చూసే డీఎస్‌ఓకి ఈరోజే మెయిల్ పెట్టు. ఐ-20లో నిజంగా ఏదన్నా ఉంటే చెప్పాల్సింది వాళ్ళే. గిఫ్ట్ కార్డుల్తో ఫైన్ కట్టించుకునే గవర్నమెంటు ఆఫీసు ఈ దేశంలో లేదు.

సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చిందా? అదీ చెప్పేసి ఉంటే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ చేయించు, నీ పేరు మీద ఇంకొకడు అప్పు తీసుకోకుండా. ఉచితమే.

జవాబు 2:
ఇంకోటి బాబూ. కొన్నాళ్ళకి నీ డబ్బు రాబట్టి పెడతాం, ముందు ఫీజు కట్టమని ఇంకెవడో ఫోన్ చేస్తాడు, ఎఫ్‌బీఐ అని కూడా చెప్తాడు. మా కజిన్ అలా రెండోసారీ మునిగాడు.

ఫీజులో డిస్కౌంట్ ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికీ పోకు. ఎవరిదో కొట్టేసిన క్రెడిట్ కార్డుతో నీ కాలేజీ ఫీజు కడతారు, మీ నాన్నగారి దగ్గర రూపాయల్లో తీసుకుంటారు. కార్డు అసలు మనిషి గొడవ చేస్తే కాలేజీ మళ్ళీ నిన్నే అడుగుతుంది. అలా ఇండియా అకౌంట్లోంచి డబ్బు పోతే వెంటనే అక్కడివాళ్ళ చేత ఇండియా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాలి. ఆలస్యం చేస్తే దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే.

అడిగినవారు:
థాంక్స్ అన్నా, అక్కా. కార్డు వాళ్ళకి చేశాను. రెండు ఖాళీ అయిపోయాయట, మూడోది ఆపారు. బిల్లు ఫొటో, పోలీసు రిపోర్టు నంబరు పంపమన్నారు. నేనుండేది ఇర్వింగే, ఇప్పుడు వాళ్ళకి చేస్తున్నా.