మిషిగన్ స్టేడియంలా నేలలోకి తవ్వి కట్టడం విశాఖలో కుదురుతుందా?

పెదవాల్తేరు:
అమెరికాలో యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం 1927లో 72,000 సీట్లతో మొదలైంది. ఇప్పుడు 1,07,601. పాతది కూల్చకుండా ఇంత ఎలా పెంచారు? మన ఏయూదీ (ఆంధ్రా యూనివర్సిటీ) దాదాపు అదే వయసు, 1926. ఇక్కడ ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి పది వేల సీట్లతో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవాలంటే ముందుగా ఏం చూసుకోవాలి?

సీతమ్మధార:
అక్కడ అథ్లెటిక్ డైరెక్టర్‌గా ఉన్న ఫీల్డింగ్ యోస్ట్ దూరదృష్టే అసలు కారణమండీ. సీట్లు 72,000 వేసినా, లక్ష దాటినా బరువు మోసేలా పునాదులు అప్పుడే వేయించాడు. డబ్బు కోసం ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 3,000 బాండ్లు అమ్మారు, కొన్నవాళ్లకి టికెట్ల హక్కు ఇచ్చారు. మొదటి ఏడాదే పైన తాత్కాలిక బెంచీలు వేస్తే ఒహాయో స్టేట్‌తో మ్యాచ్‌కి 84,401 మంది వచ్చారు. 1949లో చెక్క బెంచీలు తీసి ఉక్కువి బిగించి 97,239 చేశారు. 1956లో 1,01,001. 2010లో ముగిసిన 22.6 కోట్ల డాలర్ల పనిలో రెండు పక్కలా కొత్త భవనాలు లేచాయి. నేలలోకి తవ్వి గిన్నెలా కట్టిన పాత గ్యాలరీ మాత్రం అలాగే ఉంది.

కానీ తవ్వి కట్టినందుకు మూల్యం కూడా చెల్లించారు. మైదానం భూగర్భ జలమట్టం కన్నా కింద ఉండటంతో 1991లో వేసిన సహజ గడ్డి సరిగ్గా వేరు పట్టలేదు. 2003లో కృత్రిమ టర్ఫ్ వేశారు.

మధురవాడ:
విశాఖలో నాలుగు పక్కలా మూసిన గొయ్యి వద్దు. లెక్క చూడండి: గ్యాలరీతో కలిపి 150 × 120 మీటర్లు అంటే 18,000 చదరపు మీటర్లు. గంటలో 50 మి.మీ. వాన పడితే 900 ఘనపు మీటర్లు, అంటే 9 లక్షల లీటర్లు. అది పోవడానికి దారి లేకపోతే సెకనుకి 250 లీటర్లు తోడే పంపులు కావాలి. తుపాను రోజున ముందు పోయేది కరెంటే. హుద్‌హుద్ అప్పుడు నగరం ఎన్ని రోజులు చీకట్లో ఉందో అందరికీ తెలుసు.

మనకి వాలు నేలలకి కొదవ లేదు. వాలు ఉన్న పక్క తవ్వి గ్యాలరీ మెట్లు వేయాలి, కింది పక్క తెరిచి ఉంచాలి. నీరు దానంతట అదే పోతుంది. అయితే ఎర్రమట్టి దిబ్బల దగ్గర చూసే గండ్లు ఇక్కడా పడతాయి, ఎర్ర ఇసుక మట్టి వాననీటికి నిలవదు. కాబట్టి గ్యాలరీ పై అంచున ముందు గట్టు కాలువ కట్టాలి, పైనుంచి వచ్చే నీరు మెట్ల వెనక్కి దిగకూడదు. మట్టిని ఆపే రిటైనింగ్ గోడ వెనక కంకర ఫిల్టరు, గోడలో నీటి రంధ్రాలు తప్పనిసరి. మట్టి కొట్టుకుపోయి మెట్టు కింద డొల్ల పడితే పైకి ఏమీ తెలియదు, మెట్టు పగిలేదాకా.

మైదానం కింద 100 మి.మీ. చిల్లుల పైపులు సుమారు 5 మీటర్లకొకటి, వాటిపైన కంకర, ఆపైన 30 సెం.మీ. ఇసుక. ఇసుకకి బదులు మామూలు మట్టి వేస్తే రెండు వానలకే పైపులు మూసుకుపోతాయి.

గాజువాక:
చూపు లెక్క ఎవరూ చెప్పలేదు. పెంచేటప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. వెనక వరుసవాడి చూపు ముందువాడి కంటి కన్నా ఎంత పైనుంచి పోతుందన్నదే కొలత. 90 మి.మీ. ఉంటే బాగుంటుంది, 60 కన్నా తగ్గకూడదు. మొదటి వరుస టచ్‌లైన్‌కి (మైదానం పక్క గీత) 8 మీటర్లలో, కన్ను మైదానానికి 2 మీటర్ల ఎత్తులో, మెట్టు లోతు 80 సెం.మీ., ఎత్తు 30 సెం.మీ. అనుకోండి. రెండో వరుసకి 91 మి.మీ. వస్తుంది. అదే ఎత్తుతో పోతే ఇరవై ఒకటో వరుసకి 33 మాత్రమే. ప్రతి వరుసకీ 60 రావాలంటే అక్కడికి మెట్టు సుమారు 33 సెం.మీ.కి, 90 రావాలంటే 39 సెం.మీ.కి పెరగాలి. అంటే వెనక్కి పోయేకొద్దీ గ్యాలరీ నిటారు కావాలి, ఆ వంపు మొదటి డ్రాయింగులోనే ఉండాలి. మొదట పది వరుసలే కట్టినా సరే, ముప్పై వరుసలకి గీయించండి.

ఇంకోటి, వాళ్లది అమెరికన్ ఫుట్‌బాల్, మైదానం వెడల్పు 48.8 మీటర్లే, మనకి 105 × 68 కావాలి. ఆ ప్లాను తెచ్చి దించేయకూడదు.

పెదవాల్తేరు:
చాలా థాంక్సండీ. పై వరుసలు తర్వాత ఉక్కుతో వేసుకుంటే చవక కదా? పైకప్పు కూడా అప్పుడే చూసుకోవచ్చా?

సీతమ్మధార:
ఉప్పుగాలికి ఉక్కు బోల్టుల దగ్గర, వెల్డింగుల దగ్గర ముందు తుప్పు పడుతుంది. హాట్‌డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత) చేయించి, ఏటా వానలకి ముందు ప్రతి జాయింటూ చూసే మనిషిని పెట్టగలిగితేనే వేయండి. లేదంటే కాంక్రీటే మేలు: కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతానికి కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు, కవరు (చువ్వ మీద ఉండే కాంక్రీటు మందం) 45 మి.మీ. కవరు బ్లాకులు లెక్కపెట్టి వేయించండి, చువ్వ సెంట్రింగు పలకకి ఆనితే కొన్నేళ్లలో పెచ్చులూడతాయి.

కప్పు తర్వాత వేయొచ్చు, దాని పునాదులు మాత్రం ఇప్పుడే. విశాఖకి డిజైన్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కి.మీ. ఆ గాలి కప్పుని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. బరువు మోయడానికి వేసిన పునాది ఆ లాగుడుకి సరిపోదు. కాబట్టి కప్పు స్తంభాలు వచ్చే చోట ఫుటింగులు (పునాది దిమ్మెలు) ఎక్కువ బరువుతో వేసి, స్తంభాన్ని పట్టి ఉంచే యాంకర్ బోల్టులకి గ్రీజు పట్టించి, పైన కాంక్రీటు మూత వేసి ఉంచండి.