పక్క కౌంటరు సహోద్యోగి పరిస్థితి గురించి మేనేజరుకు చెప్పాలా?

ప్రశ్న:
నేను ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. పక్క కౌంటరులో ఉండే సహోద్యోగి రెండు నెలలుగా సరిగా నిద్రపోవడం లేదు. సాయంత్రం నగదు సరిపోయినా మళ్లీ మళ్లీ లెక్కపెడుతున్నారు. మొన్న టీ తాగుతూ, తాను లేకపోతే ఇంట్లోవాళ్లు సుఖపడతారని అన్నారు. ఎవరికీ చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. చెబితే నగదు బాధ్యత తప్పిస్తారని ఆయన భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని నా భయం.

జవాబు 1:
కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నాను. మేనేజరు సంగతి తర్వాత, ముందు ఆయననే అడగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని ఏకాంతంగా, సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్లమవుతామని చాలామంది వెనకాడతారు గానీ, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, పైగా దాచుకున్నది చెప్పుకోవడానికి వీలు కలుగుతుంది. ఎలా చేసుకోవాలో కూడా అనుకున్నానని ఆయన అంటే, ఒంటరిగా వదలకుండా ఇంట్లోవారిని పిలిపించి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మాట తప్పారన్న నింద వస్తే రానివ్వండి. అంత తీవ్రత లేకపోతే మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగులో, ఏ వేళనైనా మాట్లాడవచ్చు.

జవాబు 2:
మూడేళ్ల క్రితం నేను మీ సహోద్యోగి స్థితిలోనే ఉన్నాను. "నీకేం తక్కువ, ధైర్యంగా ఉండు" అన్నవారి ముందు మళ్లీ నోరు విప్పలేదు. ఒక సహోద్యోగి మాత్రం ఏ సలహా ఇవ్వకుండా, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఉన్న రోజుల్లో నా పని తాను చూసుకుని, బయట బెంచీ మీద గంటల తరబడి కూర్చునేవారు. మందులు పనిచేయడానికి వారాలు పట్టింది; ఆ వారాలు గడిచింది ఆయన వల్లే.

జవాబు 3:
సెలవు కోసం మేనేజరుకు చెప్పక తప్పకపోవచ్చు. అయితే ఏం చెప్పాలో ఆయనే నిర్ణయించుకోవాలి. ఆరోగ్యం బాగాలేదన్న మాట, వైద్యుడి ధ్రువపత్రం చాలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలి, శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలి. ఖర్చుకు వెనకాడుతుంటే ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆలోచన వస్తోందని, ఇంకా ఏమీ అనుకోలేదని చెప్పారు. ఇద్దరం కలిసి ఫోన్ చేశాము. వాళ్ల అక్కగారికి తానే చెప్పుకున్నారు. ఆమె ఈ రాత్రికి వస్తున్నారు, రేపు ముగ్గురం వైద్యుడి దగ్గరకు వెళ్తున్నాము.