ఘానా రోడ్ల మీద టోల్ మళ్ళీ వసూలు చేయడం న్యాయమేనా?

తెమా ఉద్యోగి:

అక్రా, తెమా, కుమాసీ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారి అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఘానాలో 2021 నవంబరు 18న ఆగిపోయిన టోల్ వసూలును, ఈసారి నగదుతో పనిలేని పద్ధతిలో మళ్ళీ తెస్తామని ఆర్థిక మంత్రి కాసియెల్ అటో ఫోర్సన్ 2025 బడ్జెట్‌లో చెప్పారు. అంతకుముందు ప్రభుత్వం కూడా టోల్ ఎత్తేసిన ఏడాదికే, 2022 నవంబరులో, కొన్ని రోడ్ల మీద తిరిగి పెడతామని ప్రకటించింది. అంటే రెండు పార్టీలూ ఒకే మాట దగ్గరికి వచ్చాయి. టోల్ రావాలనే నేనూ అంటాను. అయితే ఏ రోడ్డు మీద వసూలైన డబ్బు ఆ రోడ్డుకే ఖర్చు కావాలి, గేట్లు మూసినప్పుడు పని పోయినవారికి కొత్త ఏర్పాటులో ముందుగా చోటు దొరకాలి.

నేను ఇక్కడి కర్మాగారంలో చేరిన కొత్తలో, అక్రా నుంచి వచ్చే మోటార్‌వే మీద టోల్ గేటు దగ్గర మా డ్రైవరు ఒక సెడి (ఇక్కడి వంద పెసెవాలు) నోటును కుడిచేత్తో పట్టుకుని, నడుము దాకా కిటికీ వైపు తిరిగి అందించడం చూసి ఆశ్చర్యపోయాను. ఇక్కడ స్టీరింగు ఎడమ పక్క, టోల్ గది కూడా ఎడమ పక్కే కనుక ఎడమచెయ్యి చాపితే సరిపోతుంది. కాని ఎడమచేత్తో డబ్బు ఇవ్వడం మన ఇళ్ళల్లో లాగే ఇక్కడా అమర్యాద. లోపల కూర్చున్న ఆవిడ చిన్న కాగితం రసీదునూ 50 పెసెవాల నాణేన్నీ కుడిచేత్తోనే తిరిగి ఇచ్చింది. ఆమె వెనక గోడకు రెండు చంకకర్రలు ఆనించి ఉన్నాయి. ఆ గదుల్లో పనిచేసినవారిలో దివ్యాంగులు చాలామంది ఉండేవారు. బడ్జెట్ చదివింది నవంబరు 17న, గేట్లు ఆగింది ఆ అర్ధరాత్రి. మీకు వేరే పని చూపిస్తామని ప్రభుత్వం వాళ్ళకు చెప్పింది, కాని ఇల్లు గడవడానికి ఆ మాట ఒక్కటీ చాలదు.

ఇక ఆ రోడ్డు సంగతి. టెట్టె క్వార్షీ కూడలి నుంచి తెమా దాకా 19 కిలోమీటర్ల కాంక్రీటు మోటార్‌వేను తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా కాలంలో నిర్మించి 1965లో ప్రారంభించారు. దేశం వాహనాల వరసను ఎడమ నుంచి కుడికి మార్చుకున్నది 1974లో, కాబట్టి ఈ రోడ్డు తొలి తొమ్మిదేళ్ళు ఎడమ వరస ప్రయాణాన్ని కూడా చూసింది. తెమా ఓడరేవుకు వచ్చిన సరుకు లారీలు దాని మీదుగానే వెళ్తాయి. ఇప్పుడు రాత్రి పూట దీపాలు సరిగా వెలగవు, వంతెనల మీద గుంటలను తప్పించడానికి బండ్లు ఒక్కసారిగా పక్క వరసలోకి దూరతాయి. ఇంత బరువు మోసే రోడ్డుకు తనకంటూ ఒక రాబడి ఉండాలి.

పద్దుల మనిషి:

తెమా ఉద్యోగి గారూ, మీ ఆవేదన నిజమైనదే, కాని మీ నిర్ణయంతో ఏకీభవించలేను. మనం రోడ్డు కోసం ఇప్పటికే కడుతున్నాం. ఇక్కడ పెట్రోలు, డీజిలు ధరల్లో రోడ్ల నిధికి వెళ్ళే పన్ను కలిసే ఉంటుంది. ఆ నిధిని 1997లో చట్టం చేసి పెట్టింది రోడ్ల మరమ్మతుల కోసమే, టోల్ రాబడి కూడా అందులోకే వెళ్ళేది. తర్వాత 2017లో వచ్చిన మరో చట్టం, ఇలా ప్రత్యేకంగా కేటాయించిన నిధులన్నీ కలిపి ప్రభుత్వ పన్నుల రాబడిలో 25 శాతం మించకూడదని హద్దు పెట్టింది. హద్దు దాటినదంతా సాధారణ ఖజానాకు పోయింది. అంటే గేటు దగ్గర రోడ్డు పేరు చెప్పి తీసుకున్న డబ్బు రోడ్డుకే చేరుతుందన్న హామీ అప్పుడే పోయింది. ఆ హద్దును రోడ్ల నిధికి ఎత్తివేస్తామని 2025 బడ్జెట్‌లో చెప్పడాన్ని నేను స్వాగతిస్తాను. అయితే ముందు ఒకటి రెండేళ్ళు ఇంధనం మీద వచ్చే డబ్బు మొత్తం రోడ్డు మీద కనిపించనివ్వండి, ఆ తర్వాత టోల్ అడగండి.

రెండో మాట. 2021లో టోల్ రద్దు చేసిన బడ్జెట్టే ఫోన్ ద్వారా పంపే డబ్బు మీద 1.75 శాతం ఈ-లెవీ అనే పన్నును ప్రతిపాదించింది. పార్లమెంటులో అది 1.5 శాతంగా ఆమోదం పొంది 2022 మే 1న అమల్లోకి వచ్చింది, 2023లో 1 శాతానికి తగ్గింది, 2025 ఏప్రిల్‌లో రద్దయింది. కారు లేని కూరగాయల వ్యాపారి మోమోలో, అంటే ఫోన్ ద్వారా, రోజుకు వంద సెడిలకు మించి డబ్బు పంపినప్పుడల్లా మూడేళ్ళు ఆ భారం మోసింది. ఒక ప్రభుత్వం ఒక పన్ను తీసి మరొకటి పెట్టడం, తర్వాతిది దాన్ని తీసి పాతది తేవడం చూస్తుంటే, ఈ రోడ్డుకు ఎంత ఖర్చవుతుంది, అది ఎవరు భరించాలి అన్న లెక్క ఎవరూ జనం ముందు పెట్టలేదని అనిపిస్తోంది.

కాసోవా ప్రయాణికురాలు:

నేను పదేళ్ళుగా కాసోవా నుంచి అక్రాకు ఉద్యోగానికి వెళ్ళి వస్తున్నాను. టోల్ ఉన్న రోజుల్లో నేను పోగొట్టుకున్నది యాభై పెసెవాలు కాదండీ, కాలం. తెల్లవారుజామున నాలుగున్నరకు ఇల్లు వదిలితేనే గేటు దగ్గర వరస కాస్త తక్కువగా ఉండేది. డ్రైవరు పెద్ద నోటు ఇస్తే చిల్లర కోసం వెనక వంద బండ్లు ఆగేవి. ఆ ఆగిన బండ్ల మధ్యే నీళ్ళ ప్యాకెట్లు, అరటికాయ చిప్స్, రొట్టెలు నెత్తిన పెట్టుకుని అమ్ముకునేవాళ్ళు బతికేవారు, ఆ సంగతీ మరవలేను. గేట్లు ఆగాక నాకు పొద్దున ఎంతో కొంత నిద్ర మిగిలింది. కాని ట్రోట్రో (ఇక్కడి ప్రైవేటు చిన్న బస్సు) చార్జీ మాత్రం ఒక్క పెసెవా తగ్గలేదు. టోల్ మళ్ళీ వస్తే ఆ పేరుతో మేట్ (ట్రోట్రోలో డబ్బు వసూలు చేసేవాడు) చార్జీ పెంచి అడుగుతాడని నాకు గట్టి నమ్మకం. కాబట్టి టోల్ భారం కారు యజమాని మీద పడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోను. అది చివరికి ట్రోట్రోలో వెనక సీట్లో కూర్చున్నవారి మీదే పడుతుంది.

చౌటుప్పల్ వాసి:

నేను ఘానా చూడలేదు. కాని హైదరాబాదు, విజయవాడ రహదారి మీద పంతంగి టోల్ ప్లాజా మా ఊరి పక్కనే ఉంది. మన దగ్గర 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక మామూలు రోజుల్లో చిల్లర గొడవ పోయింది. సంక్రాంతికి మాత్రం ఇప్పటికీ బండ్లు బారులు తీరుతాయి. అక్కడా ఇలాంటిది పెడితే కాసోవా సోదరి చెప్పిన కాలం సమస్యలో చాలా భాగం తీరుతుంది, మొత్తం తీరదు. ఒక అనుమానం: అక్కడ బండి నంబరుకూ యజమానికీ లెక్క సరిగా ఉంటుందా? అది లేకుండా నంబరు చదివే కెమెరా పెట్టినా ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

అబిజాన్‌లో ఉన్నాను:

పొరుగు దేశం ఉదాహరణ ఒకటి చెబుతాను. ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో మూడో వంతెన 2014 డిసెంబరులో ప్రారంభమైంది, కారుకు 500 ఫ్రాంకులు పెట్టారు. ఇష్టం లేనివారికి పాత వంతెనలు రెండూ ఉచితమే. సెనెగల్‌లో 2013లో డకార్ నుంచి డియామ్‌నియాడియోకు టోల్ మోటార్‌వే వచ్చినా రుఫిస్క్ మీదుగా పోయే పాత రోడ్డు అలాగే ఉంది. డబ్బు కట్టకుండా వెళ్ళే దారి ఒకటి మిగిల్చినప్పుడే టోల్ అడిగే హక్కు ఉంటుందని నా అభిప్రాయం.

తెమా ఉద్యోగి:

అబిజాన్ మిత్రుడి మాట నన్ను ఆలోచింపజేసింది, నా మొదటి మాటను కొంత సరిదిద్దుకుంటాను. మోటార్‌వే విషయంలో మీ నియమం సరిపోతుంది, ఎందుకంటే దానికి సమాంతరంగా స్పింటెక్స్ రోడ్డూ, టెషీ, నుంగువా మీదుగా సముద్రపు ఒడ్డు దారీ ఉన్నాయి. కాని అటింపోకు దగ్గర వోల్టా నది మీద 1957లో కట్టిన అడోమీ వంతెనను చూడండి. అక్కడా టోల్ గది ఉండేది. 2014లో మరమ్మతులకు ఆ వంతెన మూసినప్పుడు జనం, బండ్లు పంటుల మీద నది దాటవలసి వచ్చింది. దగ్గర్లో వేరే దారి లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ వంతెన పక్కన ఆకులో చుట్టిన అబొలో (మొక్కజొన్న పిండి వంటకం), వేయించిన చిన్న చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు రోజూ అటూ ఇటూ తిరగాలి. వాళ్ళెక్కే బండి మీద టోల్ వేయడం తప్పు. కాబట్టి నేను టోల్ కోరేది మోటార్‌వే వంటి రోడ్ల మీదే, అన్ని పాత గేట్ల దగ్గరా కాదు.

చౌటుప్పల్ మిత్రుడి అనుమానం సరైనదే. చేతులు మారిన పాత బండ్లకు పత్రాలు మారకపోవడం ఇక్కడ నేను చూశాను. అందుకే కెమెరాతో పాటు మోమోలో అక్కడికక్కడే కట్టే వరస ఒకటి ఉండాలి, దాన్ని నడపడానికి మనుషులు కావాలి. పని పోయిన పాత ఉద్యోగులను పిలవమని నేను అడుగుతున్నది అక్కడికే.

పద్దుల మనిషి:

మీరు కొంత వెనక్కి తగ్గారు కనుక నేనూ తగ్గుతాను. మోటార్‌వే ఒక్కదానికే, విడి ఖాతాతో అయితే నాకు అభ్యంతరం తక్కువ. కాని ఒక షరతు వదలను. 2021లో బడ్జెట్‌ను పార్లమెంటు ఆమోదించకముందే రోడ్ల మంత్రి క్వాసీ అమోకో-అటా వసూలు ఆపమని ఆదేశించారు. ఆ ఆదేశం చెల్లదని సభాపతి ఆల్బన్ బాగ్బిన్ సభలోనే అన్నారు, అయినా గేట్లు తెరుచుకోలేదు. చట్టసభ ప్రమేయం లేకుండా పన్ను వేయకూడదని 1992 రాజ్యాంగం 174వ అధికరణం చెబుతోంది. తీసేటప్పుడు పాటించని క్రమాన్ని పెట్టేటప్పుడైనా పాటించాలి. రేటు ఎంత, ఏ ఖాతాలోకి, ఏ రోడ్డుకు అన్న మూడు సంగతులూ చట్టంలోనే రాయాలి, మంత్రి ఉత్తర్వులో కాదు. ఆ చట్టం పాఠం మీ చేతికి వస్తే ఇక్కడ పెట్టండి, రాబడి ఏ ఖాతాకు పోతుందో చెప్పే వాక్యమే నేను ముందు చదువుతాను.