నేల మీద వేడికి రీబూట్ అవుతున్న జీపీఎస్, ఫ్యాన్ బాగానే ఉంది

నాలుగు సీట్ల సింగిల్ ఇంజన్ విమానం, 14 వోల్టుల సిస్టమ్. ప్యానెల్‌లో పైన జీపీఎస్, కింద రెండో రేడియో, అడుగున ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం గుర్తింపును పంపే పరికరం). మూడింటికీ ఒకే కూలింగ్ ఫ్యాన్, దాని పోర్టుల నుంచి ఒక్కోదానికి ఒక్కో గొట్టం ద్వారా గాలి వెళ్తుంది.

బయట 35 డిగ్రీలు దాటితే, ఇంజన్ స్టార్ట్ చేసిన ఇరవై నిమిషాలకు జీపీఎస్ స్క్రీన్ మసకబారి రీబూట్ అవుతుంది. గాల్లోకి లేచి వెంట్లు తెరిచాక కాసేపటికి మామూలవుతుంది. చల్లని ఉదయాల్లో ఈ సమస్యే లేదు. టేకాఫ్ ముందు స్క్రీన్ ఆరిపోతే టెన్షనే.

ఫ్యాన్ కొత్తది వేయించాను. ఇంజన్ నడుస్తుండగా దాని దగ్గర 13.8 వోల్టులు వస్తున్నాయి. మెకానిక్ గొట్టాల మడతలు సరిచేశాడు, వాడని పోర్టులకు మూతలున్నాయి. అయినా గొట్టం చివర టిష్యూ ముక్క పట్టుకుంటే, మిగతా రెండింటి దగ్గర రెపరెపలాడుతుంది, జీపీఎస్ దగ్గర మాత్రం కదలదు. ఆ గొట్టమే అన్నిటికన్నా పొడవు, రెండు వంపులు తిరిగి వెళ్తుంది.

బయటి గాలిని నేరుగా రేడియోల మీదికి తేవడం నాకు ఇష్టం లేదు, వానలో తేమ కూడా వచ్చేస్తుంది.

ఇలాంటి అమరికలో పనిచేసినవాళ్లు చెప్పండి: ఫ్యాన్‌నే జీపీఎస్ దగ్గరికి జరిపి గొట్టం పొట్టి చేస్తే సరిపోతుందా, లేక జీపీఎస్‌కు విడిగా ఇంకో ఫ్యాన్ పెట్టాల్సిందేనా?